అమ్మవారు ఊళ్ళో లేని నెల

ఒకప్పుడు, అంటే చలికాలం వచ్చినా మొమిజి చెట్టు మీంచి ఒక్క ఆకు కూడా రాలని కాలంలో, జపాన్ దేశంలో ఒక కొండ మీద చిన్న గుడి ఉండేది.

మొమిజి అంటే ఏమిటో తెలుసా? మీ అరచెయ్యి ఒకసారి చాపండి. వేళ్ళు విడదీయండి. ఆఁ, అదే దాని ఆకు! ఇప్పుడంటే చలి మొదలయ్యేసరికి ఆ ఆకులు ఎర్రగా మారి రాలిపోతున్నాయి గానీ, అప్పట్లో ఏడాది పొడుగునా పచ్చపచ్చగా ఉండేవి.

ఇక గుడి సంగతి వినండి. ఆ గుడి గుమ్మానికి తలుపులుండవు. రెండు ఎర్ర స్తంభాలు, వాటి మీద అడ్డంగా దూలం, అంతే. దాన్ని తోరీ అంటారు. తోరీ దాటితే దేవుడి ఇల్లు మొదలైనట్టే. దానికి అటొకటి ఇటొకటి రాతికుక్కలు కాపలా. ఒకటి ఎప్పుడూ నోరు తెరుచుకుని ఉండేది. రెండోది ఎప్పుడూ నోరు మూసుకుని ఉండేది. నోరు తెరిచినదాని వాగుడు అంతా ఇంతా కాదు. నోరు మూసినది మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఒక్క మాట అన్న పాపాన పోలేదు. ఊరికే చూసేది.

లోపలికి వెళ్ళగానే రాతితొట్టి. అందులోకి సన్నగా కొండనీళ్ళు పడుతుండేవి. పక్కన వెదురు గరిటె. వచ్చినవాళ్ళు ముందు ఎడంచెయ్యి, తర్వాత కుడిచెయ్యి, ఆ తర్వాత నోరు కడుక్కుని అప్పుడు దేవుడి ముందుకు వెళ్ళాలి. ఆ తొట్టికి నీడ పట్టేది మన మొమిజి.

ఇంకాస్త లోపల సుగి అనే పెద్ద చెట్టు ఉండేది. నలుగురు చేతులు చాపినా దాని నడుం అందదు. అందరూ సుగి తాత అనేవాళ్ళు. తాత నడుముకి లావుపాటి గడ్డితాడు, దానికి తెల్లకాగితం కుచ్చులు. ఆ తాడు ఉంటే ఆ చెట్టు మీద దేవుడు దిగుతాడని గుర్తు. ఆ గుడిలో ఉండేది అమ్మవారు. అసలు పేరు మన నోరు తిరగదు, కొండమ్మ అనుకుందాం.

జనం వచ్చి సుగి తాత ముందు రెండుసార్లు వంగి దణ్ణం పెట్టి, రెండు చప్పట్లు కొట్టి, మనసులో మాట చెప్పుకుని, మళ్ళీ ఒకసారి వంగి వెళ్ళేవాళ్ళు. మొమిజి దగ్గర? చేతులు కడుక్కునేవాళ్ళు. పుక్కిలించి ఉమ్మేవాళ్ళు. పిల్లలైతే తడిసిన గడ్డిచెప్పులు దాని కొమ్మకే తగిలించేవాళ్ళు.

"ఇదేం బతుకు తాతా! నీకు దణ్ణాలు, నాకు చెప్పులు," అని మూతి ముడుచుకునేది మొమిజి.

చెట్లూ రాళ్ళూ గాలీ తమలో తాము మాట్లాడుకునేవి లెండి. మనుషులకి మాత్రం ఆకుల గలగల తప్ప ఏమీ వినిపించేది కాదు.

సుగి తాత నవ్వేవాడు. "నాకెవరు పెట్టారే దణ్ణం? నేను పీటని. కూర్చునేది అమ్మ. పీటకి ఎవరైనా మొక్కుతారా?"

"అయితే ఆ తాడు గొప్పేమిటి?"

"అది పెద్ద కథ. ఈ దేశంలో సూర్యుడు ఆడదేవత. ఒకసారి తమ్ముడు చేసిన అల్లరికి అలిగి ఆవిడ గుహలో దూరి బండ అడ్డం పెట్టుకుంది. లోకమంతా చీకటి! దేవుళ్ళందరూ గుహ ముందు ఆడి పాడి, నవ్వి గోలచేసి, ఆవిడ ఏమిటా అని తొంగిచూడగానే చెయ్యి పట్టుకుని బయటికి లాగారు. మళ్ళీ లోపలికి పోకుండా గుమ్మానికి అడ్డంగా గడ్డితాడు కట్టారు. అలాంటి తాడే ఇది. ఆట వస్తువు కాదు."

మొమిజి విన్నది. విన్నది గానీ చెవికెక్కించుకోలేదు. కథ అయిపోయాక కూడా తెల్లకుచ్చుల వంకే చూస్తూ కూర్చుంది.

ఇలా ఉండగా, మనకి కార్తీకమాసం వచ్చే రోజుల్లో అక్కడ ఒక విచిత్రం జరిగేది. దేశంలోని దేవుళ్ళందరూ గుళ్ళు వదిలేసి ఇజుమో అనే చోటికి ప్రయాణం కట్టేవాళ్ళు. ఏటా అక్కడ పెద్ద కొలువు. ఎవరికి ఎవరితో పెళ్ళి కుదర్చాలి, ఏ ముడి ఎక్కడ వెయ్యాలి అని మాట్లాడుకునేవాళ్ళు. పెళ్ళి సంబంధాలు తేల్చడమంటే మాటలా? ఎంత దేవుళ్ళకైనా నెల పట్టేది!

కొండమ్మ కూడా బయల్దేరింది. గుమ్మం దగ్గర ఆగి అందరికీ చెప్పింది. "నేను లేనప్పుడు ఎవరైనా వచ్చి మొక్కుకుంటే శ్రద్ధగా వినండి. జవాబు మాత్రం ఇవ్వకండి. వచ్చాక నేను చూసుకుంటాను. తెలిసిందా?"

"తెలిసిందమ్మా!" అన్నాయి అన్నీ, నోరు మూసిన కుక్క తప్ప. అందరికంటే గట్టిగా అన్నది మొమిజే.

అమ్మ అటు వెళ్ళింది, ఇటు గాలి అల్లరి మొదలుపెట్టింది. ఏడాదిగా ఎండకి ఎండి వానకి నానిన తాడు కదా, గాలి ఒక్క గుంజు గుంజేసరికి పుటుక్కున తెగింది. గాలి దాన్ని ఎత్తుకుపోయి గిరగిరా తిప్పి మొమిజి మెడలో పడేసింది. పడేసి, "ఉత్తరం వైపు పనుంది, మధ్యాహ్నానికి వచ్చేస్తా," అని వెళ్ళిపోయింది.

మొమిజి కిందికి చూసుకుంది. తన ఒంటి మీద గడ్డితాడు! తెల్లకుచ్చులు! ఉబ్బితబ్బిబ్బైపోయింది.

"అమ్మాయ్, ఆ తాడు కింద పడేయ్. రేపు పూజారి వచ్చి కొత్తది కట్టేదాకా నేను తాడు లేకుండానే ఉంటాను," అన్నాడు సుగి తాత.

"ఒక్క పూట ఉంచుకోనీ తాతా! నీ సొమ్మేం పోయింది?"

"తప్పే తల్లీ."

"ఎవరు చూస్తారులే!" అంది మొమిజి.

సరిగ్గా అప్పుడే ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. పేరు తోయో. సముద్రం ఒడ్డున ఉన్న ఊరి కోడలు. వీపున కట్టుకున్న గుడ్డలో కూతురు కోహరు. చంటిపిల్ల, అమ్మ భుజం మీద గడ్డం ఆనించి బితుకుబితుకుమని చూస్తోంది.

తోయో పుట్టిల్లు కొండకి అవతల. పెళ్ళై అత్తారింటికి వచ్చేటప్పుడు ఈ దారినే దిగింది గానీ, కొత్త పెళ్ళికూతురు కదా, ముసుగు వేసుకుని తల వంచుకుని నడిచింది. ఏ చెట్టు ఎక్కడుందో ఏం చూస్తుంది? అందుకే ఇప్పుడు తాడు కోసం వెతికింది. తాడు మొమిజికి ఉంది.

తొట్టి దగ్గర చేతులు కడుక్కుంది, నోరు కడుక్కుంది. మొమిజి ముందు నిలబడి రెండుసార్లు వంగింది. చప్పట్లు కొట్టింది. వీపు మీద పిల్ల కూడా చిట్టి చేతులు తట్టింది. మొమిజికి పుట్టిన తర్వాత అదే మొదటి దణ్ణం. ఒళ్ళంతా పులకరించింది.

"తల్లీ," అంది తోయో. "మా అమ్మ ఇంతవరకూ దీని మొహం చూడలేదు. ఇవాళ కొండ దాటితే చూపిస్తాను. కానీ మబ్బు చూస్తే భయంగా ఉంది. పైన మంచు పట్టుకుంటే చంటిదానితో నేనేమైపోవాలి? వెళ్ళొచ్చంటే నా చేతిలో ఒక్క ఆకు వెయ్యి. వెయ్యకపోతే ఇంటికి తిరిగిపోతాను. వసంతం వచ్చాక వెళ్తాను."

ఇలా అని దోసిలి పట్టింది.

"వెయ్యకే! అమ్మ ఏం చెప్పింది?" అన్నాడు సుగి తాత.

"వెయ్యొద్దు, వెయ్యొద్దు, వెయ్యొద్దు!" అని వాగుడుకుక్క అరిచింది. పాపం, ఆ అరుపు తోయోకి వినబడదు కదా.

మొమిజికి మంచు సంగతి ఏం తెలుసు? ఏమీ తెలీదు. కాసేపు ఆగితే ఉత్తరం నుంచి గాలి వచ్చి కబురు చెప్పేది. కానీ మొమిజి మనసులో ఉన్న గొడవ వేరు. 'ఆకు వెయ్యకపోతే ఇందులో దేవుడూ లేడు గీవుడూ లేడు, ఉత్త చెట్టు అనుకుంటుందేమో! తొట్టి పక్క చెట్టు అనుకుంటుందేమో!'

చూశారా బుద్ధి! తల్లీబిడ్డా కొండెక్కబోతుంటే దీనికి దీని గొప్ప కావలసి వచ్చింది.

ఒక్క ఆకు తెంపి వదిలింది. మొమిజి ఆకు రాలడం లోకంలో అదే మొదటిసారి. పచ్చటి ఆకు మెల్లగా వచ్చి తోయో దోసిట్లో పడింది.

తోయో కళ్ళు చెమర్చాయి. ఆకుని కళ్ళకద్దుకుని, నడుముకి కట్టుకున్న గుడ్డలో భద్రంగా దోపుకుని, గబగబా కొండదారి పట్టింది.

మొమిజి గర్వంగా అటూ ఇటూ చూసింది. సుగి తాత మొహం తిప్పుకున్నాడు. వాగుడుకుక్క కూడా నోరు మెదపలేదు. నోరు మూసిన కుక్క మాత్రం చూస్తోంది. 'ఏమిటా చూపు?' అనుకుంది మొమిజి. ఎందుకో ఆ కుచ్చులు ఒంటికి గుచ్చుకుంటున్నట్టు అనిపించింది.

మధ్యాహ్నానికి గాలి వచ్చింది. ఈసారి అల్లరిగా కాదు, రొప్పుతూ వచ్చింది.

"మంచు బయల్దేరింది! నా వెనకే వస్తోంది! ఈ ఏడు నెల ముందే దిగిపోతోంది. కొండమీదికి ఎవరూ వెళ్ళలేదు కదా?"

సుగి తాత మొమిజి వంక చూశాడు.

"అడిగేది మిమ్మల్నే! ఎవరైనా వెళ్ళారా?"

మొమిజి నీళ్ళు నమిలింది. "అదీ... ఒకావిడ... చంటిపిల్లతో..."

"వెళ్ళనిచ్చారా? ఆగమని కొమ్మ ఊపైనా చెప్పలేకపోయారా?"

"వెళ్ళమని నేనే చెప్పాను," అంది మొమిజి. ఆ మాట దాని నోటినుంచి ఎంత సన్నగా వచ్చిందంటే గాలి వంగి వినాల్సొచ్చింది.

"నువ్వా! నీకెలా తెలుసు?"

"తెలీదు."

"మరి?"

ఏం చెప్తుంది? దణ్ణం పెడితే బాగుందని చెప్తుందా? ఉత్త చెట్టు అనుకుంటుందని పిల్లని మంచులోకి పంపానని చెప్తుందా? మొమిజికి తల కొట్టేసినంత పనైంది. భూమి నోరు తెరిస్తే వేళ్ళతో సహా దిగిపోదును అనుకుంది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. చెట్టు ఎక్కడ దాక్కుంటుంది చెప్పండి?

"ఏయ్, నీ చేతులు చూసుకో!" అని అరిచింది వాగుడుకుక్క.

ఆకు చివర్లు ఎర్రబడుతున్నాయి. చూస్తుండగానే ఆ ఎరుపు వేళ్ళలోకి పాకింది, అరచేతుల్లోకి పాకింది, కొమ్మ కొమ్మకీ ఎక్కింది. ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు. పచ్చటి కొండ మీద అదొక్కటే ఎర్రగా, నలుగురికీ కనబడేట్టుగా నిలబడింది.

అంతలో మంచు మొదలైంది. పూలు రాలినట్టు మెత్తగానే మొదలై, చూస్తూ చూస్తూ ఉండగా ధారగా పడింది. దారి పోయింది. లోయ అంచు పోయింది. అంతా తెలుపే.

పైన తోయో నిలబడిపోయింది. ముందడుగు వేస్తే దారో లోయో తెలీదు. వెనక్కి చూస్తే తన అడుగులు కూడా పూడిపోయాయి. పిల్ల ముందు ఏడ్చింది, తర్వాత ఏడుపు మానేసింది. దానికే తోయోకి ఎక్కువ భయమేసింది. పిల్లని వీపు మీంచి దించి గుండెకి హత్తుకుంది.

"గాలీ, నా ఆకులు తీసుకుపో. దారంతా పరిచిరా. ఎర్రగా ఉన్నాయి కదా, తెల్లమంచు మీద కనబడతాయి," అంది మొమిజి.

"అన్నీ తీసుకుపోతే బోసిగా మిగిలిపోతావే. చలికాలం ముందుంది. పైగా అమ్మ వచ్చేసరికి ఒంటి మీద ఒక్క ఆకు ఉండదు."

"ఉంటే మాత్రం ఏ మొహం పెట్టుకుని చూస్తాను? తీసుకుపో గాలీ, నీకు పుణ్యముంటుంది!"

గాలి మంచుని బతిమాలింది. "కాసేపు ఆగవే, చంటిపిల్ల ఉంది!" మంచు గొణుక్కుంటూ ఆగింది. గాలి ఒక్క ఊపులో ఆకులన్నీ దూసుకుని పైకి పరిగెత్తింది. అడుగుకో ఆకు, మలుపు దగ్గర గుప్పెడు.

తోయో కళ్ళ ముందు ఎర్రగా ఏదో పడింది. వంగి చూసింది. చిన్న అరచెయ్యి! కాస్త దూరంలో ఇంకొకటి. ఇంకొకటి. నడుము గుడ్డలో దోపుకున్న ఆకు గుర్తొచ్చి తీసి చూసింది. పొద్దున పచ్చగా ఉన్నది, అదీ ఎర్రబడి ఉంది.

"అమ్మా, నువ్వేనా!" అని ఏడుస్తూ ఒక్కో ఆకూ పట్టుకుని నడిచింది. జారింది, లేచింది, నడిచింది. సందెవేళకి తోరీ కనబడింది. గుడి లోపలికి వెళ్ళి, చాప కప్పుకుని, పిల్ల పాదాలు అరచేతులతో రుద్దుతూ కూర్చుంది. కాసేపటికి పిల్ల మళ్ళీ ఏడ్చింది. ఆ ఏడుపు విని బయట అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఇంతటితో అయిపోయిందనుకున్నారా? అసలు సిగ్గు ముందుంది.

మర్నాడు ఎండ కాసింది. తోయో పిల్లని ఎత్తుకుని తిన్నగా మొమిజి దగ్గరికి వచ్చింది. మూటలో అమ్మ కోసం తెచ్చుకున్న బియ్యపుండలు తీసి దాని మొదట్లో పెట్టింది. బురదలో మోకాళ్ళ మీద కూర్చుంది.

"నా బిడ్డని కాపాడావు తల్లీ. నీ ఆకులన్నీ నా కోసం వదులుకున్నావు. నీ రుణం ఎలా తీర్చుకోను?" అని నేలకి తల ఆనించింది.

ఆ దణ్ణం మొమిజికి చెంపదెబ్బలా తగిలింది. నిన్నటి దణ్ణం ఎంత తియ్యగా ఉందో ఇవాళ్టిది అంత చేదుగా ఉంది. దాచుకోవడానికి ఒంటి మీద ఆకు కూడా లేదు. ఊరుకుంటే ఊరుకోవచ్చు, తోయోకి నిజం తెలిసే దారే లేదు. కుక్కలు చెప్పలేవు. తాత చెప్పలేడు.

నోరు మూసిన కుక్క చూస్తోంది.

మొమిజి కొమ్మలు వంచింది. గడ్డితాడు జారి తోయో ముందు పడింది.

"అయ్యో, ఊడిపోయిందా!" అని తోయో తాడు తీసి మళ్ళీ చెట్టుకి చుట్టింది. శ్రద్ధగా, కుచ్చులు సర్ది మరీ చుట్టింది.

మొమిజి మళ్ళీ జార్చేసింది.

తోయో మళ్ళీ కట్టింది. ఈసారి ముడి గట్టిగా వేసింది. మొమిజి ఒళ్ళంతా విదిలించింది. బెరడు గీరుకుపోయింది గానీ ఆగలేదు. తాడు ఊడి కింద పడింది.

తోయో తాడు చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. అటూ ఇటూ చూసింది. సుగి తాత నడుం చుట్టూ ఒక చార ఉంది. ఏళ్ళ తరబడి తాడు ఒరుసుకుని నునుపుదేలిన చార. తాడు తీసుకెళ్ళి దాని మీద ఆనించి చూసింది. సరిగ్గా సరిపోయింది.

వెనక్కి తిరిగి మొమిజిని చూసింది.

"నువ్వు దేవతవి కావా?" అంది మెల్లగా. "మరి ఆకెందుకు వేశావు?"

మొమిజి కొమ్మలు ఇంకా కిందికి వాలాయి.

"దీనికేమన్నా అయ్యుంటే?" తోయో పిల్లని గట్టిగా పట్టుకుంది. ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండేది. తాడుని సుగి తాతకి ముడివేసి కట్టి, దణ్ణం పెట్టుకుని మెట్ల వైపు నడిచింది.

మొమిజి మొదట్లో పెట్టిన బియ్యపుండలు మాత్రం వెనక్కి తీసుకోలేదు. కోహరు గుప్పెట్లో ఒక ఎర్రటి ఆకు ఉంది, తోయో దాన్నీ లాక్కోలేదు.

నెల తిరిగాక కొండమ్మ వచ్చింది. తోరీ దాటగానే వాగుడుకుక్క మొదలుపెట్టింది. "అమ్మా అమ్మా, ఏం జరిగిందంటే..."

"నువ్వాగు. నేను చెప్తాను," అంది మొమిజి. మొత్తం చెప్పింది. దణ్ణం తియ్యగా ఉందన్న మాట కూడా దాచలేదు.

అమ్మ అంతా విన్నది. తొట్టి దగ్గర చేతులు కడుక్కుంది. ఎప్పుడూ నీడ పడే ఆ నీళ్ళ మీద ఇప్పుడు ఎండ పడుతోంది.

"వసంతంలో నీ ఆకులు నీకొస్తాయి. పచ్చగానే వస్తాయి," అంది.

"అంతేనా? శిక్ష లేదా?" అని భయంభయంగా అడిగింది మొమిజి. "పచ్చగా ఉంటే నేను మళ్ళీ మర్చిపోతానేమో అమ్మా!"

"నేనైతే గుర్తుచెయ్యను. వీళ్ళనీ ఆ ఊసు ఎత్తనివ్వను," అని అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

వసంతంలో ఆకులు వచ్చాయి. తోయో కొండ దాటి వెళ్ళి కోహరుని అమ్మమ్మకి చూపించి వచ్చింది. ఎండాకాలం గడిచింది, వానలు గడిచాయి. ఎవరూ ఆ ఊసెత్తలేదు. వాగుడుకుక్క కూడా, ఎంత కష్టపడిందో గానీ, ఎత్తలేదు. మొమిజికి కూడా అదంతా పాత సంగతి అనిపించింది.

మళ్ళీ ఆ నెల వచ్చింది. కొండమ్మ తోరీ దాటి ఇజుమో దారి పట్టింది. మెట్ల మీద అమ్మ అడుగుల చప్పుడు వినిపించడం మానగానే మొమిజికి దోసిలి పట్టుకుని నిలబడ్డ తోయో గుర్తొచ్చింది. ఆకు చివర్లు ఎర్రబడ్డాయి.

అప్పుడే కొండ కింద తోయో, ఆవిడ వేలు పట్టుకుని తప్పటడుగులు వేస్తూ కోహరు వస్తున్నారు. తోయో తలెత్తి పైకి చూసింది. చెట్టంతా ఎర్రగా ఉంది.

"పోయినేడు లాగే చెట్టు ఎర్రబడింది, అమ్మవారు ఇంట్లో లేదే తల్లీ. వచ్చాక వద్దాం, పద," అంది. పిల్ల అరచెయ్యి చెట్టు వైపు చాపి ఊపింది. మొమిజి సిగ్గుతో ఇంకా ఎర్రబడింది.

ఆ చెట్టు గింజలకి రెక్కలుంటాయి. గిరగిరా తిరుగుతూ కొండలన్నీ దాటి మొలిచాయి. తల్లి సిగ్గు పిల్లలకీ వచ్చింది. అప్పటినుంచే దేవుళ్ళు ఊళ్ళో లేని నెలలో మొమిజి ఆకులు ఎర్రబడుతున్నాయి. జనం గుంపులు గుంపులుగా వెళ్ళి, కింద చాపలు పరుచుకుని, "ఆహా, ఏమి అందం!" అని పొగుడుతారు. పొగిడినకొద్దీ ఆ పిచ్చిది మరింత ఎర్రబడుతుంది. చివరికి ఆ పొగడ్త తట్టుకోలేక, అమ్మ తిరిగొచ్చే వేళకి ఒక్కో ఆకూ నేలమీద వదిలేసి బోసిగా నిలబడుతుంది.